ముప్పై ఒక్క గుమ్మాలు

ఒక పిల్లకి ఎన్ని హాలోవీన్‌లు ఉంటాయో ఎవరూ లెక్క వేసుకోరు. నేను వేశాను. నాలుగో ఏట మొదలుపెడితే పదకొండో ఏటితో సరి. ఆ తర్వాత వాళ్ళు స్నేహితులతో పోతారు, మనల్ని రానివ్వరు. అంటే మొత్తం ఎనిమిది. మా నిఖిలకి అప్పటికే ఏడు ఖర్చయిపోయాయి. మొదటి నాలుగింటికీ మా ఆయన శేషగిరి దానికి వేషం వేసి, మిఠాయిల కోసం ఇంటింటికీ తిప్పుకొచ్చాడు. తర్వాత అతనికి రాత్రి షిఫ్టులు పడ్డాయి. ఒకటి కరోనాలో పోయింది. రెండింటికి దాని క్లాస్‌మేట్ వాళ్ళమ్మ తీసుకెళ్ళింది. నా వంతు సున్నా. ఏటా ఆ సాయంత్రం మా కిరాణా కొట్లో ఏదో ఒక పని తగిలేది. వచ్చే ఏడు చూద్దాంలే అనుకునేదాన్ని.

మిగిలింది ఒకటే. ఆ ఒక్కదాన్నీ చరిత పట్టుకుపోయేలా ఉంది.

చరిత మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే స్టూడెంటు. అప్పటికి రెండేళ్ళుగా కెనడాలోని మా బ్రాంప్టన్‌లో ఏ బస్సెక్కినా మన పిల్లలే. భుజాన కాలేజీ బ్యాగు, చేతిలో బియ్యం సంచీ. మా వీధిలో అద్దెకివ్వని బేస్‌మెంటు లేదు. చరిత జనవరి చలిలో తణుకు నుంచి వచ్చింది. కింద ఇంకో ఇద్దరమ్మాయిలతో ఉండేది, వారానికి మూడు సాయంత్రాలు మా గ్రాసరీ కొట్లో పని చేసేది. పని బాగా చేసేది. అందులో వంక పెట్టడానికేం లేదు. వంక దొరికితే నాకు సుఖంగా ఉండేది.

ఆగస్టు ఆఖరి వారంలో మా ఫ్రిజ్ మీద ఒక కాగితం వెలిసింది. నిఖిల రాసింది, రంగు పెన్సిళ్ళతో. పైన 'ఫాల్' అని పెద్ద అక్షరాలు, ఆకులు రాలే కాలం అని. కింద వరస. యాపిల్ తోటకి వెళ్ళడం. ఆకులు ఎర్రబడ్డ వారంలో అడవి దారిలో నడక. మొక్కజొన్న చేలో దారి తప్పే ఆట. గుమ్మడికాయ చెక్కడం. హాలోవీన్. దీపావళి. మొదటి మంచుకి వేడి చాక్లెట్. ఒక్కో దాని పక్కన రెండు అక్షరాలు, ఎన్ను, సీ. నిఖిలా, చరితా అన్నమాట.

కొట్టుకి సరుకు ఆర్డరు పెట్టేదాన్ని నేను. నాకూ ఆ నెలలు ముఖ్యమే. వినాయక చవితికి పత్రి, బతుకమ్మకి బంతిపూలు, దసరా అవగానే దీపావళి ప్రమిదలు. చెట్ల మీద మొదటి పసుపాకు కనిపించిందంటే నాకు సీజను మొదలైనట్టు. ఆ కాగితం మీద నా పేరు ఎక్కడుందా అని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. ఒక్క చోట ఉంది. అట్టడుగున, బ్రాకెట్‌లో: 'కారు కావాలంటే అమ్మని అడగాలి.'

అంతకంటే నన్ను కాల్చింది ఇంకోటుంది. నిఖిల నాతో తెలుగు మాట్లాడదు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. 'ఫైన్', 'ఓకే', 'ఐ నో'. పదకొండేళ్ళ నుంచి నేను పోసిన తెలుగంతా ఎక్కడికి ఇంకిపోయిందో అనుకునేదాన్ని. ఒకరోజు గరాజ్ తలుపు వెనకనుంచి వినిపించింది.

"అక్కా, జిగురు చాల్లేదు. ఇంకొంచెం మైదా కలుపు."

"కలుపుతా గానీ, నీ జడ చూసుకో. అందులో పడిందంటే రేపు అట్టముక్కతో స్కూలుకెళ్ళాలి."

"పడనీ. అప్పుడు నేనే బొమ్మ."

ఆ మాట అన్నది నా కూతురు. గుక్కతిప్పుకోకుండా, తప్పు లేకుండా. సామాను అంతా నాది, అమ్మకం వేరే కొట్లో జరుగుతోంది.

వాళ్ళు చేస్తున్నది బుట్టబొమ్మ. చరిత వాళ్ళ మేనమామ ఊరేగింపుల్లో బుట్టబొమ్మలు ఆడించేవాడట. మనిషి పైన ఇంకో మనిషంత ఎత్తుంటుంది. లోపలంతా డొల్ల. ఒకరు లోపల దూరి, భుజాల మీద మోస్తూ ఆడిస్తారు. అక్కడ వెదురు, ఇక్కడ ఆకుపచ్చ బట్టల బుట్ట, రెండు హులాహూప్‌లు, మా కొట్లోంచి తెచ్చిన అట్టపెట్టెలు, ఫ్లయర్ కాగితాలు. చీర నాదే. డొనేషన్ సంచిలో వేసిన నెమలికంఠం రంగు చీరని నిఖిల మళ్ళీ బయటికి లాగింది.

"ఇక్కడ ఎంత మంచి వేషం కట్టినా పైన జాకెట్ వేసెయ్యాలి కదా ఆంటీ," అని చరిత నాతో ఉత్సాహంగా చెప్పింది. "ఇందులో జాకెట్ లోపలికి పోతుంది. ఎంత చలి ఉన్నా వేషం వేషంలాగే ఉంటుంది."

మంచి ఆలోచనే. నాకు రావాల్సింది. ఏడేళ్ళుగా జిప్పు కింద నలిగిపోయిన రాకుమార్తెల్నీ పులిపిల్లల్నీ ఫొటోల్లో చూసింది నేను.

"బావుందమ్మా," అన్నాను. "గరాజ్ తుడిచెయ్యండి."

అక్టోబరు మూడు వారాలూ గరాజ్‌లోంచి చప్పుళ్ళు వచ్చేవి. బిస్కెట్ల డబ్బాకి తాడు కట్టి డోలు చేశారు. ఒక దెబ్బకి అడుగు. రెండు దెబ్బలకి ఆగడం. మూడింటికి వంగి దణ్ణం. లోపలున్న మనిషికి దారి కనపడదు కాబట్టి ముందు నడిచేవాళ్ళు డోలుతో నడిపించాలి. ఇదంతా నేను తలుపు ఇవతలనుంచి విని కట్టుకున్న లెక్క. లోపలికి వెళ్ళి అడగలేదు. అడిగితే నాకు కావాలని తెలిసిపోతుంది. కొనేవాడు ఆత్రం చూపిస్తే బేరం పోయినట్టే కదా.

ఆ ఏడాది హాలోవీన్ మంగళవారం పడింది. మంగళవారాలు కూరగాయల లోడు దిగుతుంది, కాలేజీ పిల్లలంతా ఆ సాయంత్రమే వస్తారు. ఎప్పుడూ నేనే కొట్లో ఉంటాను. చరితకి సోమ, గురు, శనివారాలు. రెండువేల ఇరవై మూడులో స్టూడెంట్లకి వారానికి ఇరవై గంటలన్న హద్దు తీసేసి ఉంది, కాబట్టి ఎన్ని గంటలైనా ఇవ్వచ్చు. పోటీ కొట్టు వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి తిట్టం. సరుకు దిగే రోజు మారుస్తాం. వారం ముందే వైట్‌బోర్డు మీద మంగళవారం గడిలో నా పేరు తుడిచి 'చరిత, నాలుగు నుంచి తొమ్మిది' అని రాశాను.

చరిత బోర్డు ముందు చాలాసేపు నిలబడింది.

"ఆంటీ, మంగళవారం... నిఖిలతో వెళ్ళాలి కదా."

"నేను వెళ్తాలే."

"మీరా?" అంది, కళ్ళు పెద్దవి చేసి. "మీకు నడుం నొప్పి కదాంటీ."

"నా నడుం సంగతి నేను చూసుకుంటాను."

"అది కాదాంటీ, ఆ బొమ్మని..."

"బొమ్మ సంగతి నిఖిల చెప్తుంది. నువ్వు లోడు దగ్గరుండు. కోదండరామ్ ఒక్కడూ దింపలేడు."

కోదండరామ్ కూడా స్టూడెంటే, శనగపిండి బస్తాలు సర్దుతూ వింటున్నాడు. "నాకొక్కడికీ చేతనవుతుందాంటీ," అన్నాడు.

"నిన్నెవరడిగారు?" అన్నాను.

చరిత మొహం చిన్నబోయింది. నేను చూశాను. చూసి, గల్లాపెట్టె వైపు తిరిగాను.

ఇంటికొచ్చి నిఖిలకి చెప్పాను. చెంచా పళ్ళెంలో పెట్టేసింది. "ఓ," అంది. "నువ్వు చేస్తావా? నిజంగా చేస్తావా?" అని ఇంగ్లీషులోనే రెండు సార్లు అడిగింది.

"ఎందుకు చెయ్యను?"

ఒక రకంగా నవ్వింది. అది సంతోషం అనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం నుంచే సన్నగా మంచు రేణువులు. అయిదున్నరకి నేను తయారుగా ఉన్నాను. కొత్త స్కార్ఫు, మడమ తక్కువ బూట్లు, జేబులో ఫోను నిండా చార్జి. ఫొటోలు ఎక్కడెక్కడ తియ్యాలో కూడా అనుకున్నాను. గరాజ్‌లోకి వెళ్తే బొమ్మ నిలబడి ఉంది. చేతి వెడల్పు కళ్ళు, ముక్కుకి బులాకీ, గడ్డం మీద దిష్టిచుక్క. నా చీర నా ఒంటి మీద ఎప్పుడూ అంత అందంగా లేదు.

నిఖిల తలపాగా చుట్టుకుంది. కాటుకతో మెలితిరిగిన మీసం. మెడలో డోలు.

"నువ్వు లోపలికి దూరు, నేను పైనుంచి పట్టుకుంటా," అన్నాను.

నిఖిల నన్ను వింతగా చూసింది. "నేనా? నేను డోలు కదా. లోపల నువ్వు."

"నేనా!"

"అక్క ఉండాల్సింది. దాని భుజాలకి కొలిచి కట్టాం. నాకు పెద్దది, జారిపోతుంది. నువ్వూ అక్కా ఒకే ఎత్తు." అంతా ఇంగ్లీషులోనే చెప్పింది. "చేస్తావా అని రెండు సార్లు అడిగాను, మమ్."

ఇరవై ఏళ్ళుగా సరుకు విప్పి చూడకుండా ఏదీ దింపుకున్నదాన్ని కాదు. ఇదొక్కటే చూడకుండా పట్టాను. ఏం చేస్తాను? జాకెట్‌తో సహా వంగి దూరాను. పట్టీలు భుజాల మీద పడ్డాయి. మైదా వాసన, జిగురు వాసన. బొమ్మ వడ్డాణం దగ్గర అరచెయ్యంత నెట్ గుడ్డ కుట్టారు. లోపలి మనిషికి లోకమంతా అందులోంచే. నాకు కనపడింది నిఖిల నడుం నుంచి కిందికి.

"రూల్," అంది బయటనుంచి. "లోపలున్నవాళ్ళు మాట్లాడకూడదు. లోపల ఎవరో ఎవరికీ చెప్పకూడదు. అక్క వాళ్ళ మావయ్య రూల్."

డోలు మీద ఒక దెబ్బ. అడుగేశాను.

మా వీధి గుర్రపునాడాలా వంపు తిరిగి ఉంటుంది. దీపాలు పెట్టిన ఇళ్ళకే వెళ్ళాలి. నేను గుమ్మాలు లెక్కపెట్టుకుంటూ పోయాను. మొదటి గుమ్మంలో ఎవరో ఆడమనిషి కేకేసింది, ఇంట్లోవాళ్ళని పిలిచింది. రెండో గుమ్మంలో కుక్క మొరిగింది. అయిదో ఇంటి దగ్గరికి వచ్చేసరికి మా వెనక పిల్లల గుంపు తయారైంది. మంత్రగత్తెలూ అస్థిపంజరాలూ అందరూ జాకెట్లలో ఉబ్బిపోయి ఉన్నారు. మాదొక్కటే వీధిలో నిలబడ్డ వేషం. "లుక్ ఎట్ దట్!" అని అరుపులు. ఫోన్ల వెలుగులు నెట్ గుడ్డ మీద పడి పోతున్నాయి. కొన్ని వందల ఫొటోలు తీసి ఉంటారు. ఒక్కదాంట్లోనూ నేను లేను.

ప్రతి తలుపు దగ్గరా నిఖిల మొహం ఎలా వెలుగుతుందో చూడాలని వచ్చాను. నాకు దొరికింది దాని బూట్లు. చూసేకొద్దీ ఆ బూట్లు నావంత ఉన్నాయని తెలిసింది. అవి కొన్నది నేనే. నంబరు చెప్తే కొన్నాను, కాళ్ళు చూడలేదు.

పద్నాలుగో గుమ్మం రూపవతి గారిది. నర్సింగ్ హోమ్‌లో పని చేస్తుంది, కాకినాడ వాళ్ళు. వాళ్ళ చర్చిలో ఈ పండగ పెట్టుకోరు. ఇంటి ముందు గుమ్మడికాయ ఉండదు. కానీ వచ్చిన పిల్లల్ని ఉత్తచేతులతో పంపలేక లైటు వేసి చిప్స్ పొట్లాలు ఇస్తుంది. గుమ్మంలో ఆమె చెప్పులు కనపడ్డాయి.

"అమ్మ బాబోయ్, బుట్టబొమ్మే! మా చిన్నప్పుడు చూశా మళ్ళీ ఇదే. చరితా, లోపల నువ్వే కదూ? ఎంత బాగా చేశావే తల్లీ!"

నేను నోరు తెరిచాను. నిఖిల డోలు మీద గట్టిగా రెండు కొట్టింది. నోరు మూసుకున్నాను.

"నువ్వొచ్చాక ఈ పిల్ల మొహంలో కళ వచ్చింది," అంది రూపవతి, బొమ్మ కడుపుకేసి వంగి. "వాళ్ళమ్మకేముంది, దుకాణం తీసిన దగ్గర్నుంచీ దుకాణమే. మంచి మనిషే అనుకో. పిల్లకి ఏ పూటా లోటు చెయ్యదు. కానీ ఆవిడ పక్కన నిలబడితే మనం కూడా సరుకేమో అనిపిస్తుంది."

"థాంక్యూ ఆంటీ," అంది నిఖిల గబగబా. మూడు దెబ్బలు కొట్టింది. నన్ను అంత మాట అన్న మనిషికి వంగి దణ్ణం పెట్టాను.

మెట్లు దిగాక గుసగుసగా అన్నాను, "నేనని చెప్పొచ్చుగా."

"బొమ్మ మాట్లాడకూడదు."

"నువ్వు చెప్పొచ్చుగా."

"అక్క చేసింది కదా బొమ్మ. అక్క పేరే చెప్పుకోనీ."

ఆ తర్వాత ఇళ్ళన్నీ అలాగే గడిచాయి. మన స్టూడెంట్లు ఉండే ఇళ్ళ దగ్గరైతే మరీను. "చరితా, తిరుగు! ఒక్క రౌండ్!" అని కిటికీల్లోంచి కేకలు. ఆమె ప్రాక్టీసు చూసినవాళ్ళున్నారు కాబోలు. తిరగబోయాను. నడుంలో సూది దిగినట్టయింది. హులాహూప్ మెయిల్‌బాక్స్‌కి తగిలి బొమ్మ పక్కకి వాలింది. నిఖిల చెయ్యి అంచు పట్టుకుని నిలబెట్టింది. ఎవరో నవ్వారు. "చరితకి ఈరోజు ఏమైందిరా, బస్తా మోస్తున్నట్టు నడుస్తోంది?"

నాకు పౌరుషం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఆ పేరు మీద అనుకుంటా. ఆమె ఆడితే పొగుడుతున్నారు, నేను మోస్తే కూడా ఆమెనే పొగుడుతున్నారు. తప్పు అడుగు పడితే మాత్రం అది నాది.

ముప్పై ఒకటో గుమ్మం దిగాక నిఖిల ఆగింది. రెండు దెబ్బలు కొట్టలేదు, ఊరికే ఆగింది. నేను దాదాపు దాన్ని తాకేశాను.

"అమ్మా." తెలుగులో. "మంగళవారం అక్క షిఫ్టు కాదు."

నేను మాట్లాడలేదు. బొమ్మ మాట్లాడకూడదు కదా, అదొక వంక దొరికింది.

"బోర్డు మీద నువ్వే మార్చావా?"

మా ఇద్దరికీ మధ్య నా చీరా, నాలుగు పొరల కాగితమూ ఉన్నాయి. ఎదురుగా నిలబడి అడిగితే లోడు అనేదాన్ని, కోదండరామ్ అనేదాన్ని. మొహం కనపడనప్పుడు అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక ఉండదు.

"నేనే మార్చాను."

"ఎందుకు?"

"ఇది ఆఖరిది. వచ్చే ఏడు నువ్వు నాతో రావు. నాకొక్కటీ దక్కలేదు."

బూట్లు కాసేపు కదలలేదు. మంచు రేణువులు దాని లేసుల మీద పడి కరుగుతున్నాయి. ఏడుస్తోందా, కోపంగా ఉందా అని చూడ్డానికి మెడ వంచాను. నెట్‌లోంచి డోలు తప్ప ఏం కనపడలేదు.

"నన్నడిగితే సగం సగం చేసేదాన్ని," అంది చివరికి. "అక్క కూడా సరే అనేది. నువ్వు అడగవు. నువ్వు బోర్డు మీద రాస్తావు."

నిఖిల డోలు మీద ఒక దెబ్బ వేసింది. నడిచాను. తర్వాతి గుమ్మం రావలసినంత దూరం నడిచాం, రాలేదు. మలుపు తిరిగాం. కాలి కింద గడ్డి పోయి తారు వచ్చింది. కార్ల చప్పుడు. "ఎక్కడికే?" అన్నాను. దెబ్బ మీద దెబ్బ. రంపప్పొట్టు కలిసిన కొత్తిమీర వాసన వచ్చింది. కూరగాయల పెట్టెల వాసన. నా కొట్టు.

బొమ్మ తల తగలకుండా వంగి దూరాను. తలుపు గంట మోగింది. లోపల పిల్లలు హోరుమన్నారు. "బుట్టబొమ్మ వచ్చిందిరోయ్!" లైన్లో నిలబడ్డవాళ్ళు ఈలలు వేశారు. గల్లా వెనకనుంచి చరిత గొంతు వినిపించింది, అనుమానంగా. "ఆంటీ?"

లైన్లోవాళ్ళు గల్లా వైపొకసారి, బొమ్మ వైపొకసారి చూశారు.

బొమ్మని ఎత్తి బయటికి వచ్చాను. జుట్టంతా రేగిపోయి, మెడ మీద మైదా పెచ్చులు. ఇరవైమంది స్టూడెంట్లు, నాకు ఉప్పూ పప్పూ కోసం దండం పెట్టేవాళ్ళు, నోరు తెరుచుకుని చూస్తున్నారు. నిఖిల నావైపు చూడకుండా డోలు తాడు సర్దుకుంటోంది. చెప్పాల్సింది నేనే. అది చెప్పదు. నన్ను అక్కడిదాకా తెచ్చి వదిలింది.

"చరితా," అన్నాను. "ఎనిమిదింటిదాకా టైముంది. ఇంకా ఇరవై రెండు ఇళ్ళున్నాయి. నీ షిఫ్టు నేను తప్పుగా రాశాను."

"పర్లేదాంటీ, లోడు ఇంకా..."

"తప్పుగా కాదు. కావాలని రాశాను."

ఆమెకి ముందే తెలుసని ఆమె మొహం చూస్తే అర్థమైంది. వారం రోజులు తెలిసే ఊరుకుంది. అది కూడా నాకు మింగుడు పడలేదు. తప్పు చేసిన నాకంటే, భరించినామె పెద్దదిగా కనపడితే ఎవరికి బావుంటుంది? ఏప్రన్ విప్పి నాకిచ్చింది. "ఎడమ పట్టీ కొంచెం కొరుకుతుంది కదాంటీ," అంది జాకెట్ వేసుకుంటూ. "మీకు చెప్దామనుకున్నా."

"చెప్పబోతే నేను విన్లేదు."

బొమ్మ లోపల దూరింది. నిఖిల తలుపు తెరిచి పట్టుకుంది. పార్కింగ్ లాట్‌లో దీపస్తంభం కింద బొమ్మ ఒక్కసారి గిర్రున తిరిగింది. నా చీర గొడుగులా విచ్చుకుంది. కార్లు ఆగాయి. ఎవరో హారన్ కొట్టారు. నిఖిల డోలు వాయిస్తూ వెనక్కి వెనక్కి నడుస్తోంది. కొట్టు ముందున్న అద్దంలోంచి దాని మొహం నిండుగా కనపడింది. మీసం సగం చెరిగి చెంపకంటింది. పైపెదవి మీద మంచు పడితే నాలుకతో అందుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. సాయంత్రం అంతా నేను వెతికిన మొహం అదే. ముప్పై ఒక్క గుమ్మాల్లోనూ అదలాగే నవ్వి ఉంటుందా? లోపలున్న నాకు కనపడలేదు, అంతే అని సర్దిచెప్పుకున్నాను. నిజం కాకపోవచ్చు. ఆ నవ్వు చరితకోసమే దాచిపెట్టిందేమో. అయినా అద్దం దగ్గరనుంచి కదల్లేదు.

"ఆంటీ," అన్నాడు లైన్లో ముందున్న కుర్రాడు, పెరుగు డబ్బా గల్లా మీద పెట్టి. "బస్సు వెళ్ళిపోతుందాంటీ."

"ఆగు నాయనా," అన్నాను. "ఇంకో బస్సుంటుంది."